బొటిక్‌లో కొత్తదా, ఒకరు వాడిన బ్యాగా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్లి వస్తాను. ఈ ఏడాది వచ్చిన బోనస్‌లోంచి రెండు లక్షల దాకా పెట్టి ఒక మంచి డిజైనర్ హ్యాండ్‌బ్యాగ్ కొనుక్కోవాలని ఆశ. లూయీ విటాన్ స్పీడీ గానీ, నెవర్‌ఫుల్ గానీ తీసుకుందామనుకున్నాను. ఇంతలో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ షనెల్ క్లాసిక్ ఫ్లాప్ మీడియం సైజు రూ.1,80,000కు ఇస్తానంటోంది. పోయిన ఏడాది దుబాయ్‌లో ఆ కంపెనీ సొంత షోరూమ్‌లో, అంటే బొటిక్‌లో కొన్నదట. బాక్సు, బిల్లు, అసలుదేనని చెప్పే ఆథెంటిసిటీ కార్డు అన్నీ ఉన్నాయట. డాలస్‌లో ఉండే మా వదిన వచ్చే నెల వస్తోంది. అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి, చూసి తెస్తానంటోంది. అమ్మేమో ‘ఎవరో వాడి వదిలేసింది నీకెందుకు, ఆ డబ్బుతో బంగారం కొనుక్కో’ అంటోంది. సెకండ్‌హ్యాండ్ అని తెలిస్తే ఆఫీసులో చులకనగా చూస్తారేమోనని నాకూ లోపల ఉంది. కొత్తదే కొనాలా? ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అన్నిటికంటే ముందు, ఆ ఇన్‌స్టాగ్రామ్ ఆవిడకు ఒక్క రూపాయి కూడా పంపకండి. అడ్వాన్సు అన్నా, వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపడానికి ఐదువేలు వేయమన్నా సరే.

ఆమె చెప్పిన వివరాలే ఒకదానికొకటి పొసగడం లేదు. షనెల్ వాళ్లు 1980ల మధ్య నుంచి బ్యాగు లోపల నంబరున్న స్టిక్కర్ అంటించేవారు. అదే నంబరు వేసిన ప్లాస్టిక్ కార్డు ఒకటి బ్యాగుతో పాటు ఇచ్చేవారు. 2021లో ఈ పద్ధతి మానేశారు. స్టిక్కర్ బదులు మైక్రోచిప్ ఉన్న చిన్న లోహపు పలక బ్యాగు లోపల బిగిస్తున్నారు, కార్డు ఇవ్వడం లేదు. పోయిన ఏడాది బొటిక్‌లో కొన్న బ్యాగుకు కార్డు ఎక్కడి నుంచి వచ్చింది? అబద్ధం అక్కడే బయటపడింది.

ధర కూడా అదే చెబుతోంది. మీడియం సైజు క్లాసిక్ ఫ్లాప్ అమెరికాలో 2019లో 5,800 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2024కు 10,800 డాలర్లయింది. మన డబ్బులో తొమ్మిది లక్షల పైమాటే. ఏడాదిగా వాడిన బ్యాగును అందులో ఐదో వంతుకు ఎవరు అమ్ముకుంటారు? నిజంగా డబ్బు అవసరం పడినా, పేరున్న సెకండ్‌హ్యాండ్ దుకాణానికి తీసుకెళ్తే అంతకంటే చాలా ఎక్కువే వస్తుంది. బాక్సు, బిల్లు ఉన్నాయని నమ్మేయకండి. ఖాళీ బాక్సులు, రిబ్బన్లు, డస్ట్ బ్యాగులు, చివరికి పాత బిల్లులు కూడా ఆన్‌లైన్‌లో విడిగా అమ్ముడుపోతాయి. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. లూయీ విటాన్ అసలు ఎప్పుడూ ఆథెంటిసిటీ కార్డు ఇవ్వలేదు. ఆ కంపెనీ బ్యాగుకు ఎవరైనా ‘గ్యారంటీ కార్డు ఉంది మేడమ్’ అని చూపిస్తే, ఆ కార్డు చూసే వెనక్కి వచ్చేయొచ్చు.

ఇప్పుడు అమ్మ మాట. పొదుపు కోసమైతే అమ్మ చెప్పిందే సరైనది, రెండో ఆలోచన అక్కర్లేదు. బంగారం ధర పొద్దున్నే పేపర్‌లో ఉంటుంది, ఏ ఊళ్లో ఏ షాపుకు తీసుకెళ్లినా కొంటారు. బ్యాగు అలా కాదు. అమ్మాలంటే మన దగ్గర చాలా దుకాణాలు బ్యాగును తమ దగ్గర పెట్టుకుని, అమ్ముడుపోయాక కమిషన్ పట్టుకుని మిగతాది ఇస్తాయి. నెలలు పట్టొచ్చు. షనెల్ ధరలు పెరగడం చూసి ‘హ్యాండ్‌బ్యాగ్ కూడా ఇన్వెస్ట్‌మెంటే’ అని చెప్పే వీడియోలు బోలెడు వచ్చాయి. అవి బొటిక్‌లో పెరిగిన ధరలు, మీరు అమ్మబోతే చేతికి వచ్చే ధరలు కావు. 2025 జూలైలో ప్యారిస్‌లో సదబీస్ వేలంలో హెర్మెస్ కంపెనీ బిర్కిన్ బ్యాగు ఒకటి 86 లక్షల యూరోలకు పోయిందని మీరు కూడా చదివే ఉంటారు. అది నటి, గాయని జేన్ బిర్కిన్ కోసం తయారైన మొట్టమొదటి బ్యాగు, ఆమె స్వయంగా వాడింది. దానికీ మనం కొనే బ్యాగుకూ సంబంధం లేదు. కాబట్టి ఈ రెండు లక్షలు ఖర్చు అనే అనుకోండి. అది మీకు ఇబ్బంది లేని ఖర్చయితేనే చేయండి. ఈఎంఐ పెట్టి మాత్రం వద్దు.

అమ్మ మాటలో రెండో సగం ‘ఎవరో వాడింది’ అన్నది. ఆ పట్టింపు చాలా ఇళ్లలో ఉంది, దాన్ని నేను తీసిపారేయను. కానీ ఒకరు ఉండి వెళ్లిన ఫ్లాట్ కొంటున్నాం, ఒకరు నడిపిన కారు కొంటున్నాం. అక్కడ మనం అడిగేది కాగితాలు సరిగ్గా ఉన్నాయా, ఇంజిన్ బాగుందా అనే కదా. బ్యాగుకు కూడా అవే ప్రశ్నలు వేసి తృప్తి పడితే చాలు. అంతా చూశాక కూడా మీకే మనసు ఒప్పుకోకపోతే కొత్తది కొనుక్కోండి. ఇష్టంగా మోయలేని బ్యాగు ఎంత చవగ్గా వచ్చినా దండగే.

నా సలహా అడిగారు కాబట్టి సూటిగా చెబుతున్నాను. మీ బడ్జెట్‌కూ మీ రోజువారీ తిరుగుడుకూ లూయీ విటాన్ కాన్వాస్ బ్యాగు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవడమే మంచిది. అయితే దానికంటే ముందు ఒకసారి బెంగళూరులోనో ముంబైలోనో ఉన్న బొటిక్‌కు వెళ్లండి. కొనడానికి కాదు, చూడటానికి. మొహమాటపడకండి, చూడటానికి వచ్చేవాళ్లు అక్కడ రోజూ ఉంటారు. మీరు ఆఫీసుకు తీసుకెళ్లే వస్తువులన్నీ వెంట పట్టుకెళ్లి, ఆ బ్యాగులో పెట్టి చూపించమని అడగండి. స్పీడీ 30 పేరుకు తగ్గట్టే 30 సెంటీమీటర్ల వెడల్పు. 14 అంగుళాల ల్యాప్‌టాప్ అందులో తిన్నగా పట్టదు. లంచ్ బాక్సు, నీళ్ల సీసా, గొడుగు, పర్సు మాత్రం హాయిగా పడతాయి. బరువు పెడితే అడుగు భాగం మధ్యలో కిందికి జారినట్టు వేలాడుతుంది. కొందరికి అదే ముచ్చట, కొందరికి చిరాకు. పాత స్పీడీకి చేతిపట్టీలే ఉంటాయి, మెట్రోలో రాడ్ పట్టుకుని నిలబడేవాళ్లకు అవి పనికిరావు. పొడవాటి భుజం పట్టీ ఉన్న స్పీడీ బాందూలియేర్ 2011 నుంచి వస్తోంది, చూస్తే అది చూడండి. నెవర్‌ఫుల్‌లో ల్యాప్‌టాప్ పడుతుంది గానీ పైన జిప్ ఉండదు, మధ్యలో ఒక కొక్కెం మాత్రమే. అమీర్‌పేట స్టేషన్ రద్దీలో మూత లేని బ్యాగుతో దిగడం ఎంత టెన్షనో మీకే తెలుసు. పైగా సన్నటి పట్టీలు, ల్యాప్‌టాప్ బరువుకు భుజం కోస్తుంది. నేనైతే ల్యాప్‌టాప్‌కు వేరే బ్యాక్‌ప్యాక్ పెట్టుకుని స్పీడీ తీసుకుంటాను.

రంగు విషయంలో కూడా ఒక మాట. ఎల్‌వీ అక్షరాలు, పువ్వులు ఉండే మోనోగ్రామ్ 1896 నాటి డిజైన్. స్పీడీలో దానికి లేత గోధుమరంగు తోలు పట్టీలు వేస్తారు. ఆ తోలును వేచెట్టా అంటారు. పైపూత లేని తోలు అది. ఎండ తగిలే కొద్దీ, చేతులు తగిలే కొద్దీ తేనె రంగులోకి మారుతుంది. అలా ఒకే తీరుగా మారితే ఎంతో అందం. కానీ కొత్తలో ఒక్క వాన చినుకు పడినా మచ్చ ఉండిపోతుంది. తలకు నూనె రాసుకున్న చేయి, పసుపు అంటిన వేలు, శానిటైజర్, ఏది తగిలినా గుర్తు వదులుతుంది. మీలా జూలైలో మెట్రో ఎక్కి దిగేవాళ్లకు దానికంటే డామియే ఎబెన్ అనే ముదురు గోధుమరంగు గళ్ల కాన్వాస్ మేలు. దాని పట్టీలు పైపూత వేసిన ముదురు రంగు తోలు. నీటికి, చెమటకు అంత త్వరగా మచ్చపడదు. సెకండ్‌హ్యాండ్‌లో కూడా డామియే బ్యాగులు నీటుగా దొరుకుతాయి.

కాన్వాసే ఎందుకంటున్నానంటే, అది నూలు గుడ్డ మీద పీవీసీ పూత వేసి చేసేది. పదేళ్లు వాడినా సరిగ్గా చూసుకుంటే చెక్కుచెదరదు. షనెల్ గొర్రెపిల్ల తోలు అలా కాదు, గోరు తగిలినా గీత పడుతుంది. అంత సున్నితమైన తోలు బ్యాగు కొనాలనుకుంటే కొత్తదే కొనమంటాను, లేదా గరుకుగా ఉండే క్యావియర్ తోలు చూసుకోమంటాను. ఎవరికైనా కానుకగా ఇవ్వాలన్నా కొత్తదే నయం. బొటిక్‌లో కొంటే కొనుగోలు మీ పేరున రికార్డవుతుంది, నకిలీ అన్న భయం అసలు ఉండదు, నాలుగు బ్యాగులు బయట పెట్టించి కుట్టు వంకర లేనిది ఎంచుకోవచ్చు. ఈ నిశ్చింతకు విలువ ఉంది, కాదనను. అయితే అక్కడ బేరం, డిస్కౌంట్ ఉండవు. లూయీ విటాన్ ఎప్పుడూ సేల్ పెట్టదు, తక్కువ ధరకు అమ్మే ఔట్‌లెట్ దుకాణాలూ దానికి లేవు. ‘ఔట్‌లెట్‌లో సగం ధరకు దొరికింది’ అని ఎవరైనా ఎల్‌వీ బ్యాగు చూపిస్తే నమ్మకండి. కోచ్, మైకేల్ కోర్స్ లాంటివాటికి ఔట్‌లెట్లు ఉన్నాయి, మన అమెరికా చుట్టాలు తెచ్చేవి ఎక్కువగా అక్కడివే. వాటిలో చాలావరకు ఔట్‌లెట్ కోసమే విడిగా తయారు చేసినవని తెలిసి కొంటే ఏ ఇబ్బందీ లేదు.

ఇక సెకండ్‌హ్యాండ్ బ్యాగు చేతికి వచ్చినప్పుడు ఎలా చూడాలో చెబుతాను. పగటి వెలుతురులో చూడండి. మొదట నాలుగు మూలలు. అరుగుదల అక్కడే మొదలవుతుంది. తర్వాత పట్టీలు బ్యాగుకు కలిసే చోట, బ్యాగు మడత పడే చోట కాన్వాస్ మీద వేలితో రాసి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. పగిలిన కాన్వాస్‌ను బాగుచేసే దారి లేదు. అదే పట్టీలు నల్లబడితే అంత బెంగ అక్కర్లేదు, డబ్బు తీసుకుని బొటిక్ వాళ్లే కొత్త పట్టీలు వేస్తారు. అయితే బయట ఎవరి చేతనైనా రంగు వేయించిన బ్యాగులను వాళ్లు ముట్టుకోకపోవచ్చు. అందుకే ‘రీకలర్ చేయించాం, కొత్తదానిలా ఉంది’ అన్న బ్యాగు నాకు నచ్చదు. పట్టీల అంచుల మీద రంగు పూత ఉంటుంది. ఎండకు, ఉక్కకు అది కరిగి జిగురుగా మారుతుంటుంది. వేలికి అంటుకుంటుందేమో చూడండి. లోపలి జేబుల్లో చేయి పెట్టండి. కొన్ని పాత మోడళ్లలో లోపలి లైనింగ్ కూడా తేమకు పొట్టులా రాలుతుంది, లేదా జిగటగా అవుతుంది. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న బ్యాగుల్లో ఇది ఎక్కువ. చివరగా జిప్ పూర్తిగా తెరిచి వాసన చూడండి. సిగరెట్ వాసన, బూజు వాసన ఒకసారి పట్టాయంటే ఓ పట్టాన వదలవు.

అసలుదా కాదా అన్నది ఇంకో లెక్క. స్పీడీ మోనోగ్రామ్ తీసుకుంటే, కింద కుట్టు లేకుండా ఒకే కాన్వాస్ ముక్కతో చేస్తారు. అందువల్ల ఒక వైపు ఎల్‌వీ అక్షరాలు నిటారుగా ఉంటే, రెండో వైపు తలకిందులుగా ఉంటాయి. చాలామంది అది చూసి నకిలీ అనుకుంటారు. నిజానికి రెండు వైపులా నిటారుగా ఉంటేనే అనుమానించాలి. లోపల తోలు మీద అచ్చొత్తిన డేట్ కోడ్ కూడా చూడండి. 2007 నుంచి వచ్చిన కోడ్‌లో రెండు అక్షరాల తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. ఒకటో అంకె, మూడో అంకె కలిపితే వారం, రెండో అంకె, నాలుగో అంకె కలిపితే సంవత్సరం. 3175 అని ఉంటే 2015లో 37వ వారం అన్నమాట. 53వ వారం దాటిన అంకె వచ్చిందంటే మరో మాట లేకుండా నకిలీ. 2021 నుంచి కోడ్ బదులు లోపల చిప్ పెడుతున్నారు. కాబట్టి 2023లో కొన్నామని చెప్పే బ్యాగుకు డేట్ కోడ్ ఉంటే అనుమానించాలి. ఇవన్నీ తప్పును పట్టుకోవడానికి పనికొస్తాయి గానీ, ఇవి సరిపోయాయి కదా అని అసలుదే అనుకోవడానికి లేదు. నకిలీ చేసేవాళ్లు కూడా కోడ్లు సరిగ్గానే వేస్తున్నారు.

అందుకే నేను బ్యాగు కంటే ముందు అమ్మేవాళ్లను చూడమంటాను. మన దేశంలో కొంటే జీఎస్టీ నంబరుతో బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. వాడిన వస్తువులు అమ్మే డీలర్లు మొత్తం ధర మీద కాకుండా తమ లాభం మీదే జీఎస్టీ కట్టే వెసులుబాటు చట్టంలోనే ఉంది. ‘బిల్లు ఇస్తే మీకే పన్ను భారం మేడమ్’ అనే మాటకు అర్థం లేదు. బిల్లు మీద బ్రాండ్, మోడల్, కోడ్ నంబరు, అసలుదేనన్న హామీ, నకిలీ అని తేలితే పూర్తి డబ్బు వాపసు, ఎన్నాళ్లలోపు తిరిగి ఇవ్వొచ్చు అన్నవి రాసి ఉండాలి. నోటిమాట చాలదు. డబ్బు క్రెడిట్ కార్డు మీద కట్టండి, తేడా వస్తే బ్యాంకులో అభ్యంతరం చెప్పుకునే వీలుంటుంది. వ్యక్తిగత నంబరుకు యూపీఐ చేస్తే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. పార్సిల్ వస్తే కవర్ చించకముందు నుంచే వీడియో తీయండి. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకోవద్దు. న్యూయార్క్‌లో ఎంతో పేరున్న వాట్ గోస్ ఎరౌండ్ కమ్స్ ఎరౌండ్ అనే వింటేజ్ దుకాణం నకిలీ షనెల్ వస్తువులు అమ్ముతోందని షనెల్ దావా వేసింది. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ ఆ దుకాణం 40 లక్షల డాలర్లు కట్టాలని తేల్చింది. అందుకే వాపసు షరతు చదవకుండా ఎక్కడా కొనొద్దంటున్నాను.

మీ వదిన సాయం నిజంగా పెద్ద వరం. అమెరికాలో ఫ్యాషన్‌ఫైల్, ద రియల్‌రియల్ లాంటి సంస్థలు ఈ వ్యాపారంలోనే చాలాకాలంగా ఉన్నాయి, మోడల్ వారీగా బోలెడు బ్యాగులు దొరుకుతాయి. కాకపోతే వచ్చే నెల దాకా ఆగకుండా ఇప్పుడే కొనమనండి. బ్యాగు ఇంటికి వచ్చాక పైన చెప్పినవన్నీ వీడియో కాల్‌లో మీరిద్దరూ కలిసి చూసుకుని, నచ్చకపోతే గడువులోపు వెనక్కి పంపేయొచ్చు. ఇండియా వచ్చాక అది కుదరదు. ధరకు టెక్సస్ సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది, డాలస్‌లో అది 8.25 శాతం. శంషాబాద్‌లో దిగాక మన కస్టమ్స్ డ్యూటీ ఫ్రీ పరిమితి దాటిన విలువ మీద సుంకం కూడా కట్టాలి. ఆ పరిమితులు, రేట్లు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకుని, బిల్లు చేతిలో పెట్టుకుని, సుంకం కట్టాల్సినవాళ్లు వెళ్లే రెడ్ ఛానల్‌లో చూపించమనండి. ‘భుజాన వేసుకుని నడిచి వచ్చేయ్, ఎవరూ అడగరు’ అని మాత్రం చెప్పకండి. మీ కోరిక కోసం ఆమె ఎయిర్‌పోర్టులో ఇరుక్కోవడం న్యాయం కాదు. ఇవన్నీ కలిపి లెక్క వేస్తే, ఇక్కడి దుకాణంలో దొరికే ధరకూ దానికీ పెద్ద తేడా లేదని తేలినా తేలొచ్చు. ముందే లెక్క వేసుకోండి. విదేశీ సైట్ల నుంచి వాడిన బ్యాగు నేరుగా కొరియర్‌లో తెప్పించుకుందామని మాత్రం అనుకోకండి. వాడిన వస్తువుల దిగుమతి మీద మన దగ్గర ఆంక్షలున్నాయి, పార్సిల్ కస్టమ్స్‌లో చిక్కుకుంటుంది. మొసలి, కొండచిలువ తోలు బ్యాగుల జోలికి అసలే వెళ్లొద్దు, వాటికి వన్యప్రాణి అనుమతులు కావాలి.

ఎప్పుడైనా మీరే యూరప్ వెళ్లే పని ఉంటే, కొత్తది కొనడానికి అదే మంచి సమయం. ఫ్రాన్స్‌లో ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొన్న పర్యాటకులకు వ్యాట్‌లో మంచి భాగం వెనక్కి వస్తుంది. విమానాశ్రయంలో లగేజీ ఇచ్చేయకముందే పాబ్లో అనే కస్టమ్స్ మెషీన్ దగ్గర, దుకాణంలో ఇచ్చిన వ్యాట్ వాపసు ఫారం స్కాన్ చేయించుకోవాలి. లండన్‌లో 2021 నుంచి ఈ వ్యాట్ వాపసు సదుపాయం లేదు.

ఆఫీసులో చులకన గురించి. సెకండ్‌హ్యాండ్ అని మీరు దాచాల్సిన పని లేదు, చాటాల్సిన పనీ లేదు. అడిగితే ‘ప్రీ-ఓన్డ్, బాగా వెతికి తీసుకున్నాను’ అని చెప్పండి. మీ సంపాదనతో, బిల్లు పెట్టి కొనుక్కున్న అసలు బ్యాగు అది. ఆ భయంతో ఫస్ట్ కాపీ వైపు మాత్రం వెళ్లకండి. ఇటలీలో నకిలీ కొన్నవాళ్లకే 300 నుంచి 7,000 యూరోల దాకా జరిమానా వేస్తారు. ఫ్రాన్స్‌లో నకిలీ బ్యాగు దగ్గర ఉండటమే నేరం. మన దగ్గర అలా పట్టుకోకపోయినా, ఇరవై వేలు పెట్టి కొన్న ఆ బ్యాగుకు రిపేరు లేదు, అమ్మకం లేదు, రోజూ భయం ఒక్కటే ఉంటుంది. మీకు ఆ భయం వద్దు.

ఆ ఇన్‌స్టాగ్రామ్ ఆవిడకు ఇప్పటికే ఏమైనా పంపేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. బిల్లు ఇచ్చిన దుకాణంతో గొడవ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బ్యాగు వచ్చాక ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టకండి, గాలి ఆడక జిగట పట్టేది అలాగే. గుడ్డ సంచిలో పెట్టి, లోపల పాత కాటన్ చున్నీలు కుక్కి, ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. బీరువాలో కలరా ఉండలు ఉంటే ఆ అర వద్దు, వేరే అరలో పెట్టండి. వానాకాలంలో వారానికోసారి బయటికి తీసి ఫ్యాన్ గాలికి ఉంచండి. బిల్లు, బాక్సు పారేయకుండా అటక మీద దాచండి. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే వాటివల్ల ధరలో తేడా వస్తుంది.